మూడు స్కాన్లు, మూడు అంకెలు: ఆరోగ్యవంతమైన కంట్లో ఓసీటీ యాంజియోగ్రఫీ ఎంత నిలకడ?

అందరికీ నమస్కారం.

ఓసీటీ యాంజియోగ్రఫీ అంటే కంటి వెనకున్న రెటీనాలోని రక్తనాళాల్ని కాంతితో స్కాన్ చేసి చూపే పరీక్ష. ఒక లెక్కతో మొదలుపెడదాం. ఏ జబ్బూ లేని కన్ను. అదే యంత్రం, అదే టెక్నీషియన్, పావుగంటలో మూడు స్కాన్లు. రక్తనాళాల సాంద్రత, అంటే బొమ్మలో నాళాలు ఆక్రమించిన వంతు, మొదట 46.2 శాతం, తర్వాత 47.1, ఆ తర్వాత 45.9 వచ్చిందనుకోండి. పావుగంటలో నాళాలు మొలవవు, మాయమూ కావు. మరి ఈ తేడా కొలతదే. రేపు షుగర్ పేషెంటుకి ఆరు నెలల్లో ఒక శాతం తగ్గితే జబ్బు ముదిరిందనాలా, కొలత ఊగిందనాలా? ఆ మాట చెప్పాలంటే ముందు ఈ ఊగిసలాట ఎంతో తెలియాలి.

ఈ పరీక్షలో రంగు ఇంజెక్షన్ లేదు. యంత్రం ఒకే గీత మీద వెంటవెంటనే రెండు మూడుసార్లు స్కాన్ చేసి, ఎక్కడ సిగ్నల్ మారిందో చూస్తుంది. రక్తకణాలు కదులుతాయి, చుట్టూ ఉన్న కణజాలం కదలదు. మారిన చోటల్లా నాళమని గీస్తుంది. ఇబ్బందంతా ఇక్కడే. కన్ను చటుక్కున జరిగితే అదీ కదలికే, బొమ్మలో అడ్డంగా తెల్ల గీత పడుతుంది. రెప్ప వాలితే నల్ల గీత. ఇవి చూడగానే దొరికిపోతాయి కాబట్టి వీటితో పెద్ద భయం లేదు.

దొరకనిది కన్నీటి పొర. పేషెంటు బుద్ధిగా రెప్ప వేయకుండా కూర్చుంటాడు, పొర చెదురుతుంది, సిగ్నల్ పడిపోతుంది. పెద్ద నాళాలు అలాగే కనిపిస్తాయి కానీ సన్నని కేశనాళికలు కొన్ని రాలిపోతాయి. బొమ్మ బాగానే ఉంటుంది, అంకె మాత్రం తగ్గుతుంది. అందుకే ప్రతి స్కాన్‌కీ ముందు రెండు మూడుసార్లు రెప్పలు కొట్టించి, వెంటనే బటన్ నొక్కాలి. యంత్రం ఇచ్చే సిగ్నల్ అంకె పదికి ఏడు దాటితే చాలని సరిపెట్టుకోవద్దు. ఒకసారి ఏడు, ఇంకోసారి పది వస్తే ఆ రెండు స్కాన్లనీ పోల్చడమే తప్పు. సాంద్రత పక్కనే సిగ్నల్ అంకె కూడా రాసిపెట్టండి.

రెటీనాలో నాళాలు పొరలుగా ఉంటాయి. వాటిలో లోతు పొర ఇంకో తలనొప్పి. పై నాళాల నీడ కింద పడి, అక్కడా నాళాలున్నట్టు చూపిస్తుంది. అందుకే లోతు పొర అంకెల్ని పై పొర అంకెలంత ధీమాగా నమ్మకూడదు.

స్కాన్ స్కాన్‌కీ మధ్య పేషెంటు గడ్డాన్ని యంత్రం మీంచి తీయించి, మళ్లీ ఆనించాలి. తీయించకపోతే వచ్చేది క్లినిక్‌లో ఎప్పటికీ రాని అందమైన ఫలితం! కనుపాప పెద్దది చేసే చుక్కలు వేస్తే అన్ని స్కాన్లకీ వేయాలి, లేకపోతే దేనికీ వద్దు; ఫినైలెఫ్రిన్ నాళాల్ని కుంచింపజేసే మందని మరిచిపోకండి. కాఫీ, సిగరెట్, మెట్లెక్కి ఆయాసంతో రావడం, వీటికీ అదే జాగ్రత్త.

ఇక లెక్క. పైన చెప్పిన మూడు అంకెల ప్రామాణిక విచలనం 0.62. దాన్ని 2.77తో గుణిస్తే 1.7. అదే యంత్రంతో అదే కంటికి తీసిన రెండు కొలతల తేడా నూటికి తొంభై ఐదుసార్లు ఇంతలోపే ఉంటుందని అర్థం. ఒక్క కంటితో ఇది తేలదు. చాలామంది కళ్ల విచలనాల వర్గాల్ని సగటు చేసి, వర్గమూలం తీయాలి. మూడేసి స్కాన్ల చొప్పున తీస్తే, ఈ విచలనం అంచనా 15 శాతం అటూఇటూలో ఉండాలంటే 43 మంది కావాలి, 10 శాతంలో ఉండాలంటే 97 మంది. రెండు కళ్లూ తీసుకుని మందిని రెట్టింపు చేసి చూపడం కుదరదు.

ఐసీసీ దగ్గర చాలామంది బోల్తా పడతారు. మొత్తం తేడాలో మనుషుల మధ్య తేడా వాటా ఎంతో, వర్గాల లెక్కన చెప్పే అంకె ఇది. కొలత లోపం 1 అనుకోండి. ఆరోగ్యవంతుల మధ్య తేడా కూడా 1 అయితే ఐసీసీ 0.5 వస్తుంది, యంత్రం పనికిరాదంటారు. అదే యంత్రాన్ని మనిషికీ మనిషికీ 5 తేడా ఉన్న షుగర్ పేషెంట్ల మీద పెడితే 0.96, భేష్ అంటారు. యంత్రం మారలేదు, కూర్చున్నవాళ్లు మారారు. ఫోవియా, అంటే చూపు అన్నిటికన్నా స్పష్టంగా ఉండే రెటీనా మధ్యభాగం, దాని నడుమ నాళాలు లేని ఖాళీ వైశాల్యానికి ఐసీసీ ఎప్పుడూ ఘనంగా రావడానికీ కారణమిదే. ఆ ఖాళీ మనిషికో కొలత. పైగా కంటి పొడవును బట్టి బొమ్మ సైజు మారుతుంది. దాన్ని సరిచేయకపోతే మనుషుల మధ్య తేడా ఇంకాస్త ఉబ్బి ఐసీసీని పైకి లాగుతుంది. ఒకే కంటి స్కాన్లలో మాత్రం ఆ పొరపాటు అన్నిట్లోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి దాని వల్ల నిలకడ చెడదు.

చివరిగా, పారేసిన స్కాన్లు. బాగాలేనివి తీసేసి మిగిలినవాటితో లెక్క కడితే ఎవరి యంత్రమైనా నిలకడగానే కనిపిస్తుంది. ఎన్ని తీశారు, ఎన్ని పారేశారు, ఏ కారణంతో అన్నది పట్టికలో రాయండి. అంకెలు చూడకముందే, బొమ్మ మాత్రం చూసి పారేయండి.