అత్త ఇచ్చిన కాల్షియం మాత్ర, అలిపిరి మెట్లు, నా కాళ్ళు

(మొదటి షాట్: ముఖం కనిపించదు, కాళ్ళు మాత్రమే. ఇంటి మెట్లు దిగుతున్నాను. రెయిలింగ్ పట్టుకుని, పక్కకి తిరిగి, ఒక్కో మెట్టూ.)

నవ్వకండి. నిన్న అలిపిరి నుంచి కొండెక్కాను. 3,550 మెట్లు. మోకాళ్ళ పర్వతం దగ్గర దేవుడు ముందే కనిపించాడు కానీ, మొత్తానికి ఎక్కేశాను. తప్పు చేసింది తర్వాత. బస్సు ఉండగా పంతానికి పోయి నడిచే దిగాను. దాని ఫలితమే మీరు చూస్తున్నది.

పొద్దున మా మేనత్త ఈ నడక చూసి, "కాల్షియం తగ్గిందిరా నీకు, ఇది వేసుకో" అని మాత్రల స్ట్రిప్పు చేతిలో పెట్టింది. మన ఇళ్ళలో నీరసం అనగానే వచ్చే మొదటి మాట అదే కదా. నిజానికి అత్త చెప్పింది సగం కరెక్టే. నా కాళ్ళు ఇలా అయిపోవడంలో కాల్షియం పాత్ర చాలా ఉంది. కాకపోతే అది రక్తంలో ఉండే కాల్షియం కాదు, ఎముకలో ఉండేదీ కాదు. ఈ మాత్ర అక్కడిదాకా వెళ్ళి చేసేదేమీ లేదు.

(బొమ్మ: తొడ కండరం. దగ్గరికి వెళ్తే ఒక్క పోగు. ఇంకా లోపలికి వెళ్తే పోగు చుట్టూ వల అల్లినట్టు సన్నటి సంచులు.)

ఈ సంచులు చూశారా? వీటి పేరు సార్కోప్లాస్మిక్ రెటిక్యులం. నోరు తిరగకపోతే గాదె అనుకోండి. ఇందులో గింజలే కాల్షియం. గాదె బయట, అంటే కండర పోగు లోపలి ద్రవంలో, కండరం ఊరికే ఉన్నప్పుడు కాల్షియం దాదాపు ఉండదు. రక్తంలో విడిగా తిరిగే కాల్షియంలో సుమారు పదివేలో వంతు మాత్రమే.

నరం నుంచి సిగ్నల్ రాగానే గాదె తలుపులు తెరుచుకుంటాయి. ఆ తలుపు పేరు రయనోడిన్ రిసెప్టర్. కాల్షియం బయటికి దూకుతుంది, ట్రోపోనిన్ అనే ప్రోటీన్‌కి అతుక్కుంటుంది, ట్రోపోనిన్ తన జోడీ ట్రోపోమయోసిన్‌ని కాస్త పక్కకి జరిపి దారి ఇస్తుంది, మయోసిన్ అనే లాగే ప్రోటీన్ వెళ్ళి యాక్టిన్ అనే తాడు లాంటి ప్రోటీన్‌ని పట్టుకుని లాగుతుంది. కండరం బిగిసింది! సిగ్నల్ ఆగగానే పంపులు కాల్షియాన్ని మళ్ళీ గాదెలోకి తోడేస్తాయి. రెండు కాల్షియం అయాన్లకి ఒక ఏటీపీ (కణం శక్తి కోసం ఖర్చుపెట్టే చిల్లర) ఖర్చు. అంటే కండరం బిగియడానికే కాదు, వదులు కావడానికీ శక్తి కావాలి. చనిపోయినవాళ్ళ శరీరం కొన్ని గంటలకి కర్రలా బిగుసుకుపోయేది ఇందుకే. ఏటీపీ లేదు కాబట్టి మయోసిన్ పట్టు వదలదు.

ఇక్కడ చిన్న పిట్టకథ. 1883లో సిడ్నీ రింగర్ అనే లండన్ డాక్టరు కప్ప గుండెని ఉప్పునీళ్ళలో పెట్టి చూస్తున్నాడు. కుళాయి నీళ్ళతో చేసిన ద్రావణంలో గుండె గంటల తరబడి కొట్టుకుంది. డిస్టిల్డ్ వాటర్‌తో చేస్తే ఆగిపోయింది. కుళాయి నీళ్ళలో ఉన్న కాల్షియమే తేడా అని తేలింది. గుండెకి ప్రతి దెబ్బకీ బయటి కాల్షియం కావాలి. కాలి కండరానికి అలా కాదు. బయట కాల్షియం లేకపోయినా కొంతసేపు పనిచేస్తుంది, గాదె సొంతది కాబట్టి.

మరి అలసట ఎక్కడ మొదలవుతుంది?

(షాట్: కాసిని నీళ్ళున్న చిన్న బకెట్ చేత్తో పట్టుకుని, చెయ్యి చాపి నిలబడ్డాను. మూలన టైమర్.)

చూస్తూ ఉండండి, చెయ్యి వణుకుతుంది. కండరంలో క్రియాటిన్ ఫాస్ఫేట్ (ఏటీపీని మళ్ళీ నింపే నిల్వ) విరిగి ఫాస్ఫేట్ పోగవుతుంది. అది మొదట మయోసిన్ లాగే బలాన్ని తగ్గిస్తుంది. తర్వాత గాదెలోకి దూరి అక్కడి కాల్షియాన్ని పట్టుకుని గట్టిపడేలా చేస్తుంది. బోరు నీళ్ళు కాచి కాచి గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుందే, అలాంటిదే అనుకోండి. ఆ పొర కార్బొనేట్, ఇది ఫాస్ఫేట్. మన ఎముక కూడా ఈ కుటుంబానిదే. గాదెలో సరుకు ఉంది, కానీ పేరుకుపోయింది, తలుపు తీసినా దొర్లి రాదు. పైగా ఏటీపీ కరిగేకొద్దీ విడిపోయిన మెగ్నీషియం వచ్చి ఆ తలుపునే సరిగ్గా తెరుచుకోనివ్వదు.

(బకెట్ దించేశాను. 1 నిమిషం 40 సెకన్లు. ఎడిట్ చెయ్యలేదు.)

"లాక్టిక్ యాసిడ్ వల్ల కదా?" అని కామెంట్ పెట్టేవాళ్ళు ఉంటారని తెలుసు. జిమ్ కోచ్‌లందరూ చెప్పే మాట అదే. పాత ప్రయోగాలు చల్లటి ఉష్ణోగ్రతలో చేసినవి, అక్కడ ఆమ్లం ప్రభావం బాగా కనిపించింది. 1990లలో ఎలుక కండర పోగుల్ని శరీర వేడికి దగ్గరగా పెట్టి చూస్తే ఆ ప్రభావం చాలా చిన్నదైపోయింది. వాదన ఇంకా నడుస్తూనే ఉంది, నా ఓటు మాత్రం ఫాస్ఫేట్‌కే.

కాల్షియం విడుదలే అసలు చిక్కు అని చూపించిన ప్రయోగం ఒకటుంది, నాకు భలే ఇష్టం. ఒకే ఒక్క కండర పోగుని తీసి, కరెంటుతో బిగింపిస్తూ పోతారు. బలం సగానికంటే కిందికి పడిపోతుంది. అప్పుడు కెఫీన్ వేస్తారు. కెఫీన్ గాదె తలుపుల్ని బలవంతంగా తెరిపిస్తుంది. చచ్చుబడిన పోగు మళ్ళీ లేచి లాగుతుంది! అంటే యంత్రం పాడవలేదు, దానికి అందాల్సిన కాల్షియం అందలేదు.

వెంటనే ఇరానీ చాయ్‌కి పరిగెత్తకండి. ఆ ప్రయోగంలో వాడిన మోతాదు మన రక్తంలోకి ఎక్కితే కండరం లేవడం అటుంచి మనిషే లేవడు. టీ కాఫీలు హుషారిచ్చేది మెదడులో చేసే పని వల్ల.

ఇప్పుడు ఈ పొద్దుటి కాళ్ళ సంగతి. ఫాస్ఫేట్ నిమిషాల్లో సర్దుకుంటుంది. మరి రాత్రంతా పడుకున్నా ఈ నీరసం ఏంటి? 1977లో ఎడ్వర్డ్స్ అనే పరిశోధకుడి బృందం మనుషుల కండరాల మీదే చూసింది. గట్టి వ్యాయామం తర్వాత కండరాన్ని సెకనుకి 20 సార్ల చొప్పున కరెంటుతో తడితే బలం బాగా తగ్గిపోయి కనిపించింది. వేగం బాగా పెంచి తడితే దాదాపు మామూలే. ఇది గంటలు కాదు, రోజు దాటి కూడా ఉంది.

దీని అర్థం మెట్ల మీద తెలుస్తుంది. కుక్క తరిమితే నేను ఇప్పుడు కూడా పరిగెత్తగలను. నరం ధాటిగా సిగ్నళ్ళు పంపితే, తక్కువ తక్కువగా వచ్చినా కాల్షియం కుప్పపడి సరిపోతుంది. కానీ నడకకీ మెట్లకీ నరం నెమ్మదిగానే తడుతుంది. అక్కడ కాల్షియం కొంచెం తగ్గితే బలం చాలా తగ్గుతుంది. అందుకే చిన్న పనే కొండలా ఉంటుంది. కిందికి దిగేటప్పుడు కండరం బిగిసి ఉండగానే సాగుతుంది కాబట్టి ఇది ఇంకా ఎక్కువ. ఆ బస్సు టికెట్ ఎంత చవకో ఇప్పుడు అర్థమైంది.

2015లో వచ్చిన ఒక అధ్యయనంలో మామూలు వాళ్ళ చేత 30 సెకన్ల చొప్పున ఆరుసార్లు ప్రాణం పెట్టి సైకిల్ తొక్కించారు. మొత్తం మూడే నిమిషాలు. మర్నాడు కండరం ముక్క తీసి చూస్తే గాదె తలుపులు, ఆ రయనోడిన్ రిసెప్టర్లు, తునకలై ఉన్నాయి. ఏళ్ళ తరబడి సాధన చేసిన క్రీడాకారుల్లో ఆ తునకలు కనిపించలేదు.

మరి రక్తంలో కాల్షియం నిజంగా పడిపోతే? పాడి ఉన్న ఇళ్ళవాళ్ళకి తెలుసు. ఈనిన గేదె ఒక్కసారిగా కూలబడి, మెడ పక్కకి తిప్పేసి లేవలేకపోతుంది. పాల జ్వరం అంటారు, ఒళ్ళు మాత్రం చల్లగా ఉంటుంది. పాలలోకి కాల్షియం పోయి, నరం సిగ్నల్ కండరానికి సరిగ్గా చేరదు. డాక్టరు రక్తనాళంలోకి కాల్షియం ఎక్కిస్తే చాలాసార్లు కాసేపటికే లేచి నిలబడుతుంది. మనిషిలో ఎక్కువగా దీనికి రివర్స్. మూతి చుట్టూ తిమ్మిరి, వేళ్ళు వంకర్లు పోయి బిగుసుకుపోవడం. నీరసం కంటే ముందు కనిపించేవి ఇవి. రక్తంలో కాల్షియం మరీ పెరిగినా నీరసమే వస్తుంది, అందుకే అడక్కుండా మాత్రలు మింగడం నాకు నచ్చదు.

కొండెక్కకుండానే వారాల తరబడి నేల మీద నుంచి చెయ్యి ఆనించకుండా లేవలేకపోతే, చేతులెత్తి తల దువ్వుకోలేకపోతే అది వేరే విషయం. విటమిన్ డి, థైరాయిడ్, పొటాషియం ఇవన్నీ చూడాల్సింది డాక్టరు.

(చివరి షాట్: మూడో రోజు. అవే మెట్లు, రెయిలింగ్ పట్టుకోకుండా దిగుతున్నాను. స్ట్రిప్పులో మాత్రలు పదీ అలాగే ఉన్నాయి. అత్తకి ఈ వీడియో లింకు పంపకండి.)