రుద్రమ మనసు రాళ్లలో వెతికితే

వేదిక మీది పెద్దలకు, ముందు వరుసల్లో కూర్చున్న బిడ్డలకు నమస్కారం.

రుద్రమదేవి అధికారం గురించి ఏమనుకునేదో తన మాటల్లో రాసిపెట్టిన పుస్తకమేదీ మనకు దొరకలేదు. అందుకే నేను రాళ్లను అడుగుతుంటాను. మన ఓరుగల్లులో రాళ్లకు కొదవ లేదు కదా.

ముందు కోట. తండ్రి గణపతిదేవుడి కాలం నాటి రాతిగోడను ఆమె ఇంకా ఎత్తు లేపి పూర్తి చేయించింది. 45 బురుజులున్నాయని మనందరికీ తెలుసు. ఈసారి వెళ్లినప్పుడు గోడ లోపలి వైపు మెట్లు చూడండి. శత్రువు వచ్చాడని కేక వినబడగానే, ఎక్కడున్న సైనికుడు అక్కడి నుంచే పైకి ఉరకొచ్చు. పారిపోయే ఆలోచన ఉన్నవాళ్లు ఇంత శ్రద్ధగా మెట్లు కట్టించరు. దేవగిరి యాదవ రాజు మహాదేవుడు దండెత్తి వచ్చినప్పుడు ఆమె ఎదురు నిలిచి తరిమికొట్టింది.

ఇక మందడం. గుంటూరు సీమలో ఉంది. ఆ ఊరిని గురువు విశ్వేశ్వర శివాచార్యులకు ఇస్తానని గణపతిదేవుడు మాటిచ్చాడు. కూతురు ఆ మాట నిలబెట్టింది. 1261 నాటి మల్కాపురం శాసనంలో ఈ సంగతంతా ఉంది. దానంగా వచ్చిన భూమి రాబడితో గురువు గుడి, మఠం, చదువుల శాల, అన్నసత్రం, వైద్యశాల నడిపించాడు. వాటితో పాటు ప్రసూతిశాల కూడా! ఏర్పాటు గురువుదే, నేను కాదనను. కానీ పాలించే చేయి ఇచ్చిన భూమి ఒక పేద తల్లి పురిటి మంచం దాకా వెళ్లిందంటే, చదివిన ప్రతిసారీ నా గొంతు పూడుకుపోతుంది. రుద్రమ కూడా ముగ్గురు ఆడపిల్లల తల్లే.

ఆడది ఏలడమేంటని మూతి విరిచిన సామంతులు లేకపోలేదు. బహుశా అందుకేనేమో, చాలా శాసనాల్లో ఆమె రుద్రదేవ మహారాజు. మగపేరు పెట్టుకుని సింహాసనం మీద కూర్చోవడం ఎంత టెన్షనో ఊహించండి. దాదాపు ఇరవై ఏడేళ్లు ఆమె ఈ భారం మోసింది.

చివరికి నల్లగొండ జిల్లా చందుపట్ల. 1289 నవంబరులో అక్కడొక శాసనం వేయించింది రాజు కాదు, సామంతుడూ కాదు, పువ్వుల ముమ్మడి అనే బంటు. శివలోకానికి వెళ్లిన రాణి కోసం, సేనాని మల్లికార్జున నాయకుడి కోసం తన వంతుగా దేవుడికి భూమి ఇచ్చాడు. ఆమె ఎప్పుడు పోయిందో మనకు తెలిసింది ఆ రాయి వల్లే. అందులో ఆమె మహారాజు కాదు బిడ్డలారా, కాకతి రుద్రమదేవి.