సాత్‌తాల్ ఆశ్రమం, దేవుని నడిపింపు

శ్రోతలకు నమస్కారం.

"దేవుడు చూపించాడండీ, అందుకే ఈ స్థలం కొన్నాం" అనే మాట మన జిల్లాల్లో చాలాసార్లు వింటూ ఉంటాం. ఊరి బయట కొండవార కాస్త నేల, ఒక రేకుల షెడ్డు, బోరు, పైన సిలువ, కొన్నాళ్లకి ఉపవాస కూటములకి జనం రావడం మొదలవుతుంది. ఆ మాట అన్నవాళ్లని నేను అనుమానించను. చాలామంది నగలు తాకట్టుపెట్టి మరీ కట్టినవాళ్లే. కాకపోతే దేవుడు నడిపించాడని ఎలా తెలుస్తుంది, రిజిస్ట్రేషన్ అయిపోయాక ఆ నడిపింపు ఏమవుతుంది అనే ప్రశ్న నన్ను వదల్లేదు. దానికి నాకు దొరికిన మంచి జవాబు ఎక్కడో ఉత్తరాన, ఉత్తరాఖండ్‌లోని నైనితాల్ జిల్లాలో భీమ్‌తాల్ ఊరి దగ్గర ఉంది. ఆ చోటు పేరు సాత్‌తాల్. చుట్టూ ఓక్, పైన్ చెట్లు, మధ్యలో చెరువులు. అక్కడ 1930లో ఒక క్రైస్తవ ఆశ్రమం మొదలైంది.

మొదలుపెట్టినవాళ్లలో ముఖ్యుడు స్టాన్లీ జోన్స్. అమెరికాలో 1884లో పుట్టి, 1907లో మెథడిస్టు అనే ప్రొటెస్టెంటు సంఘం తరఫున మిషనరీగా మన దేశానికి వచ్చాడు. ఆయనతో పాటు యూనస్ సిన్హా అనే భారతీయ పాస్టరు, ఎథెల్ టర్నర్ అనే ఇంగ్లండు మిషనరీ. ముగ్గురూ కలిసి మొదలుపెట్టారు.

అయితే ఆ కొండకి వెళ్లకముందు జరిగిన రెండు సంగతులు చెప్పాలి, అవి లేకుండా ఈ కథ అర్థం కాదు.

మొదటిది లక్నోలో. వచ్చిన కొన్నేళ్లకే పని ఒత్తిడికి జోన్స్‌ ఆరోగ్యం, మనసు రెండూ దెబ్బతిన్నాయి, విశ్రాంతికని అమెరికా వెళ్లి తిరిగొచ్చినా మళ్లీ కుప్పకూలాడు, ఇక మిషనరీ పని వదిలేసి వెళ్లిపోవాలేమో అన్నంతవరకు వచ్చింది. లక్నోలో ఒక రాత్రి ప్రార్థనలో ఉండగా, "నేను పిలిచిన పనికి నువ్వు సిద్ధంగా ఉన్నావా?" అని దేవుడు అడిగినట్టు అనిపించిందట. "లేదు ప్రభువా, నా పని అయిపోయింది" అన్నాడు. "దాని సంగతి నాకు వదిలేసి దిగులుపడకపోతే నేను చూసుకుంటాను" అని జవాబు వచ్చింది. ఆయన సరేనన్నాడు. ఆ తర్వాత తన వయసు ఎనభై దాటేవరకు ఊరూరా తిరిగి మాట్లాడుతూనే ఉన్నాడు. నాకు ఇందులో నచ్చేది ఏమిటంటే, అక్కడ దేవుడు ఏ స్థలమూ చూపించలేదు, ఏ ప్రాజెక్టూ ఇవ్వలేదు, ముందు మనిషినే అడిగాడు.

రెండోది 1928లో. అమెరికాలో జరిగిన మెథడిస్టు జనరల్ కాన్ఫరెన్స్, అంటే ఆ సంఘపు పెద్ద సభ, ఆయన్ని బిషప్‌గా ఎన్నుకుంది. ఎవరికైనా అంతకంటే పెద్ద గౌరవం ఏముంటుంది! కానీ ఇది తన పని కాదని, తను సువార్తికుడిగానే ఉండాలని లోపల తెలుస్తూనే ఉంది, ప్రతిష్ఠ జరగకముందే రాజీనామా ఇచ్చేశాడు. మనం నడిపింపు అంటే తలుపులు తెరుచుకోవడమే అనుకుంటాం, "దేవుడు ద్వారం తెరిచాడు" అని సాక్ష్యం చెప్తాం, బాగానే ఉంది. కానీ బార్లా తెరిచి ఉన్న తలుపు ముందు నిలబడి, ఇది నాది కాదు అని వెనక్కి రావడం కూడా నడిపింపే. ఆ రోజు బిషప్ కుర్చీలో కూర్చుని ఉంటే రెండేళ్లకి సాత్‌తాల్ ఉండేదా అంటే, నాకైతే అనుమానమే.

ఆశ్రమం అనే ఆలోచన ఆయనకి ఇక్కడే, మన నేల మీదే దొరికింది. శాంతినికేతన్‌లో టాగోర్ దగ్గర, సబర్మతిలో గాంధీగారి దగ్గర కొంతకాలం ఉన్నాడు. నేలమీద కూర్చోవడం, సాదా భోజనం, చేత్తో పని, మౌనం, అన్నీ కలిపిన ఆ జీవితం చూసి, యేసు శిష్యులు కూడా ఇలాగే కలిసి బతకాలి కదా అనుకున్నాడు. అందుకే సాత్‌తాల్‌లో తెల్లదొర, నల్లవాడు అనే తేడా లేదు, డాక్టరు, రెవరెండు అనే బిరుదులు లేవు. అందరూ బ్రదర్, సిస్టర్. ఆయన బ్రదర్ స్టాన్లీ. మొదటి కూటంలో ప్రతి ఒక్కరినీ ఎందుకు వచ్చావు, ఏం కోరుకుంటున్నావు, నిజంగా నీకు ఏం అవసరం అని అడిగేవాళ్లు. కోరుకునేది, అవసరమైనది వేర్వేరు కావచ్చని మొదటి రోజే తేలిపోయేది.

ఇప్పుడు నా మనసులో నాటుకుపోయిన సంగతి. ఆశ్రమంలో పనివాళ్లకి వారానికి ఒకరోజు సెలవు. ఆ రోజు వాళ్ల పనులన్నీ అతిథులే చేయాలి, వంటపాత్రలు తోమడమే కాదు, మరుగుదొడ్లు శుభ్రం చేసే పాకీ పనితో సహా. 1930ల నాటి మరుగుదొడ్లంటే ఎలా ఉండేవో మన పెద్దవాళ్లకి చెప్పనక్కర్లేదు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైన ఒకాయన ఆ పనికి ముందుకు రాలేకపోయాడు. జోన్స్ అడిగితే ఆయన అన్నమాట, "బ్రదర్ స్టాన్లీ, నేను మారాను గానీ, అంత దూరం మారలేదు."

ఆయన్ని తప్పుపట్టాలని ఇది చెప్పట్లేదు. కనీసం నిజం చెప్పాడు. వేల ప్రసంగాలు విన్నా బయటపడని సంగతి ఒక చీపురు, ఒక బకెట్టు ముందు పెట్టగానే బయటపడింది. సాత్‌తాల్‌ని దేవుడు నడిపించాడని నేను నమ్మేది చెరువులు అందంగా ఉన్నాయని కాదు, ఈ సెలవు రోజు వల్ల. అక్కడ నడిపింపు స్థలం దొరకడంతో ఆగిపోలేదు, ఆ చీపురు ఎవరి చేతిలో ఉందో చూసేదాకా వచ్చింది.

మనవైపు ఇప్పుడు ధ్యాన కేంద్రాలు కట్టాలనుకునే సోదరీ సోదరులకి ఒక మాట చెప్పాలని ఉంది. ఎన్ని గదులు, ఎంతమంది పడతారు, సౌండ్ సిస్టం ఎక్కడ, విదేశాల నుంచి సాయం ఎంత వస్తుంది, ఈ టెన్షన్లు ఎలాగూ ఉంటాయి. వాటికంటే ముందు ఒక పూట ఏమీ అడక్కుండా కూర్చోండి. జోన్స్ రోజూ అలా మౌనంగా వినడానికి సమయం పెట్టుకునేవాడు. తర్వాత, కూటాలు జరిగే రోజుల్లో గిన్నెలు ఎవరు తోముతారు, బాత్రూములు ఎవరు కడుగుతారు, పాస్టరుగారు ఎవరి పక్కన కూర్చుని భోంచేస్తారు, ఇవి రాసుకోండి. మాలపల్లె నుంచి వచ్చిన అమ్మ, పట్నం నుంచి కారులో వచ్చిన డాక్టరుగారు ఒకే బంతిలో కూర్చోలేని చోట ఎంత పెద్ద మందిరం కట్టినా నాకు సంతోషం కలగదు, ఉన్నమాట చెప్తున్నాను.

జోన్స్ 1973 జనవరిలో బరేలీలో కన్నుమూశాడు. ఆయన మొదలుపెట్టిన ఆశ్రమం పద్ధతి 1940 నుంచి అమెరికాలోనూ సాగింది. సాత్‌తాల్ ఆశ్రమం మాత్రం అదే కొండమీద ఇప్పటికీ నడుస్తోంది. వెళ్లాలనుకునేవాళ్లకి కాఠ్‌గోదాం వరకు రైలు ఉంది, అక్కడి నుంచి భీమ్‌తాల్ మీదుగా ఘాట్ రోడ్డు. వేసవిలో వెళ్లినా స్వెట్టర్ పట్టుకెళ్లండి, రాత్రిళ్లు చలి ఉంటుంది. ఇక సెలవు.