సుప్రీంకోర్టు గుమ్మం: దూరం ఎంత, వెడల్పు ఎంత?

(చర్చలో పాల్గొన్నవారు: కర్నూలుకు చెందిన న్యాయవాది, రాజ్యాంగ న్యాయం బోధించే అధ్యాపకురాలు, విశ్రాంత జిల్లా జడ్జి.)

సమన్వయకర్త: నమస్కారం. సుప్రీంకోర్టు ఢిల్లీలో గానీ, రాష్ట్రపతి ఆమోదంతో ప్రధాన న్యాయమూర్తి నిర్ణయించిన మరో చోట గానీ కొలువుదీరవచ్చని రాజ్యాంగం 130వ అధికరణ చెబుతోంది. ఆ అధికరణను సవరించి ప్రాంతాలవారీగా శాశ్వత ధర్మాసనాలు నెలకొల్పాలంటూ డీఎంకే ఎంపీ పి. విల్సన్ రాజ్యసభలో ప్రైవేటు బిల్లు, అంటే మంత్రి కాని సభ్యుడు పెట్టే బిల్లు, తెచ్చారు. 2023లో పార్లమెంటరీ స్థాయీ సంఘం కూడా ప్రాంతీయ ధర్మాసనాలనే సిఫార్సు చేసింది. మన వెంకయ్యనాయుడు గారు ఉపరాష్ట్రపతిగా ఉన్నప్పుడు ఇదే మాట అన్నారు. లాయరు గారూ, కర్నూలు నుంచి చూస్తే ఢిల్లీ ఎంత దూరం?

న్యాయవాది: రైలు దూరం గురించి నేను చెప్పను, కాగితాల దూరం గురించి చెబుతాను. ఆదోని వైపు రైతు ఒకాయన మూడెకరాల తగాదాలో హైకోర్టులో రెండో అప్పీలు ఓడిపోయి నా దగ్గరకు వచ్చారు. సుప్రీంకోర్టులో అప్పీలుకు అనుమతి కోరే ప్రత్యేక అనుమతి పిటిషన్‌కు తొంభై రోజుల గడువు ఉంది. ఆయన దగ్గరున్నవి అడంగల్ నకళ్లు, తాతల నాటి భాగపంపకాల కాగితం, సాక్షుల వాంగ్మూలాలు. అన్నీ తెలుగులోనే ఉన్నాయి. వాటిని ఇంగ్లీషులోకి మార్పించాలి. ఆ భాగపంపకాల కాగితం కరణం గారి గొలుసుకట్టు రాతలో ఉండడంతో మా ఊళ్లో అనువాదకుడు రెండు రోజులు భూతద్దం పెట్టుకుని చూసి, హద్దుల దగ్గర ఆగిపోయాడు. అక్కడ రాసింది ‘వంక’ అనా, ‘వంగ’ అనా తేలలేదు. చివరికి పాత దస్తావేజులు రాసిన ముసలాయన ఒకరు చదివి పెట్టారు. ఇంతా చేశాక ఆ పిటిషన్‌ను నేను దాఖలు చేయలేను, అక్కడ కేసులు దాఖలు చేసే అర్హత ఉన్న న్యాయవాది, అంటే అడ్వకేట్ ఆన్ రికార్డ్ చేయాలి. సుప్రీంకోర్టు నియమాల ప్రకారం ఆయన కార్యాలయం కోర్టుకు పదహారు కిలోమీటర్ల లోపు ఉండాలి.

అధ్యాపకురాలు: లాయరు గారు చెప్పినదానిలోనే నా సందేహం ఉంది. సుప్రీంకోర్టులోనూ హైకోర్టుల్లోనూ విచారణలు ఇంగ్లీషులో జరగాలని 348వ అధికరణ అంటోంది కనుక, ధర్మాసనం చెన్నైకి వచ్చినా ఆ గొలుసుకట్టు రాతకు ఇంగ్లీషు చేయించక తప్పదు. ప్రయాణం తగ్గుతుంది, ఖర్చులో కొంత తగ్గుతుంది, కాదనను. అయితే అసలు జబ్బు 136వ అధికరణలో ఉంది. సైనిక కోర్టులు, ట్రిబ్యునళ్లు తప్ప దేశంలోని ఏ కోర్టు, ఏ ట్రిబ్యునల్ తీర్పు మీదనైనా అప్పీలుకు అనుమతి ఇచ్చే ఈ అధికారాన్ని రాజ్యాంగ నిర్మాతలు అరుదుగా వాడవలసినదిగా భావించగా, మనం దాన్ని రోజువారీ అప్పీలుగా మార్చుకున్నాం. ఎనభై వేలకు పైగా కేసులు పేరుకుపోవడానికి ప్రధాన కారణం అదే. దానికి హద్దులు గీయమని వచ్చిన ప్రశ్నకు 2016లో రాజ్యాంగ ధర్మాసనం ఒప్పుకోలేదు.

విశ్రాంత జడ్జి: ఒప్పుకోకపోవడమే మంచిదైంది, మేడమ్. కింది కోర్టులో కూర్చున్నవాణ్ణి కనుక చెబుతున్నాను, మేమూ తప్పులు చేస్తాం, హైకోర్టూ చేస్తుంది. ఆ తలుపు మూసేస్తే దెబ్బ తినేది పెద్ద కంపెనీలు కావు. ఇక ప్రాంతీయ ధర్మాసనాల మీద నాకున్న భయం వేరు. 1950లో ఎనిమిది మంది జడ్జీల పరిమితితో మొదలైన కోర్టు 2019 సవరణతో 34 మందికి పెరిగింది. వీళ్లు ఇద్దరేసి, ముగ్గురేసి కూర్చుని, ఒకే ప్రశ్నకు పొంతన లేని జవాబులు చెప్పిన సందర్భాలు ఇప్పటికే ఉన్నాయి. నాలుగు ఊళ్లలో కూర్చుంటే జిల్లా జడ్జి ఏ తీర్పును పాటించాలి?

సమన్వయకర్త: లా కమిషన్ దీనికి పరిష్కారం చెప్పింది కదా?

అధ్యాపకురాలు: చెప్పింది. 2009లో 229వ నివేదికలో, రాజ్యాంగ ప్రశ్నలు విచారించే ధర్మాసనం ఢిల్లీలోనే ఉండాలని, మామూలు అప్పీళ్లకు నాలుగు ప్రాంతాల్లో వేరే ధర్మాసనాలు ఉండాలని, దక్షిణాదికి చెన్నై లేదా హైదరాబాద్ తగుతుందని సూచించింది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరూ సమావేశమై ఢిల్లీ బయట ధర్మాసనాలకు తగిన కారణం లేదని తేల్చారు. దానికంటే నాకు నచ్చినది హైకోర్టులకూ సుప్రీంకోర్టుకూ మధ్య మామూలు అప్పీళ్లు వినే జాతీయ అప్పీలు న్యాయస్థానం. 1986లోనే సుప్రీంకోర్టు ఆ ఊహను ప్రస్తావించింది. చెన్నై న్యాయవాది ఒకరు వేసిన పిటిషన్‌పై 2016లో ఆ ప్రశ్నను రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించారు. అటార్నీ జనరల్‌గా పనిచేసిన కె.కె. వేణుగోపాల్ నాలుగు ప్రాంతాల్లో పదిహేనుమందేసి జడ్జీలతో అప్పీలు కోర్టులు పెట్టాలని 2021లో ప్రతిపాదించారు. ఐర్లండ్ ఈ పని చేసి చూపింది. 2013లో ప్రజాభిప్రాయ సేకరణ జరిపి, 2014లో అప్పీలు కోర్టు తెరిచి, సుప్రీంకోర్టుకు ప్రజాప్రాముఖ్యం ఉన్న కేసులే మిగిల్చింది.

న్యాయవాది: ఐర్లండ్ జనాభా మన రాయలసీమ జనాభాలో సగం కూడా ఉండదు, మేడమ్. మా రైతు ముందు ఇప్పటికే మూడు మెట్లున్నాయి. అప్పీలు కోర్టు నాలుగో మెట్టవుతుంది, అక్కడ ఓడినవాడు 136 పట్టుకుని మళ్లీ ఢిల్లీ వెళితే అది ఐదోది. డబ్బున్న ప్రతివాది అయిదు మెట్లూ ఎక్కగలడు.

అధ్యాపకురాలు: అందుకే కొత్త కోర్టు ఒక్కటీ పెడితే చాలదంటున్నాను. దాని తీర్పే మామూలు కేసుల్లో ఆఖరిదని 136ను కూడా అదే చట్టంలో సవరించాలి. సగం పని చేసే సవరణ కంటే ఇప్పుడున్నదే నయం.

సమన్వయకర్త: ఇవన్నీ పార్లమెంటు దాటే అవకాశం ఎంత?

విశ్రాంత జడ్జి: ప్రైవేటు బిల్లులు చట్టమైంది ఇప్పటివరకు పద్నాలుగే. తమాషా ఏమిటంటే, ఆఖరిగా 1970లో చట్టమైనది సుప్రీంకోర్టుకు క్రిమినల్ అప్పీళ్ల పరిధి పెంచినదే! పైగా 130, 136 అధికరణలను సవరించాలంటే రెండు సభల్లో ప్రత్యేక మెజారిటీతో పాటు సగం రాష్ట్రాల శాసనసభల ఆమోదం కావాలి. న్యాయమూర్తులను ఎంపిక చేసేందుకు తెచ్చిన న్యాయ నియామకాల కమిషన్ సవరణ అవన్నీ దాటి వచ్చినా 2015లో కోర్టు కొట్టేసింది.

న్యాయవాది: మా సీమలో హైకోర్టు కోసమే, కోస్తా, సీమ నేతల మధ్య కుదిరిన 1937 శ్రీబాగ్ ఒడంబడిక నుంచి అడుగుతున్నాం. కర్నూలులో హైకోర్టు ధర్మాసనం కోరుతూ 2024లో అసెంబ్లీ తీర్మానం చేసింది. అంటే ఢిల్లీ సంగతి తర్వాత, అమరావతే మాకు ముందున్న దూరం.

సమన్వయకర్త: మీ ఆదోని రైతు కేసు ఏమైంది?

న్యాయవాది: ఆయన్ను నా పక్కన కూర్చోబెట్టుకుని విచారణను వీడియోలో చూపించాను. మూడు నిమిషాలు పట్టిందేమో. ‘జోక్యానికి కారణం కనిపించలేదు, కొట్టివేస్తున్నాం’ అన్న ఒక్క వాక్యంతో అయిపోయింది. ‘కాగితాలు చదివారా సార్?’ అని ఆయన అడిగారు. చదివే ఉంటారన్నాను. ఉత్తర్వులో కారణాలు లేవు కనుక అంతకుమించి చెప్పడానికి నా దగ్గరేమీ లేదు.

విశ్రాంత జడ్జి: అనుమతి దశలో అలా ఒక్క మాటతో కొట్టేస్తే హైకోర్టు తీర్పును సుప్రీంకోర్టు ఆమోదించినట్లు కాదని 2000లో వచ్చిన కున్హాయమ్మద్ తీర్పు స్పష్టం చేసింది. ఆయన హైకోర్టులోనే సమీక్ష పిటిషన్ వేసుకోవచ్చు.

న్యాయవాది: ఆలస్యాన్ని మన్నించమని కోరుతూ వేశాం, సార్. ఇంకా నంబరు పడలేదు.