బిడ్ గెలిచారు సరే, డీజిల్ ఎవరు పోయిస్తారు?

అందరికీ నమస్తే, పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నా, వెనకాల మహేంద్రతనయ, గాలికి మైకు గరగరమంటే ఏటీ అనుకోకండి. ఈరోజు ముచ్చట, పెద్ద పెద్ద ఆటల పోటీలు ఒక ఊరికి ఎలా వస్తాయి, ఖర్చు ఎవరి నెత్తిన పడుతుంది అని.

పోయిన సంక్రాంతికి మేం పెట్టిన టెన్నిస్ బాల్ టోర్నమెంట్ అసలు మాది కాదు, పాతపట్నం అవతల ఒక ఊరోళ్ళు పెట్టాలి, వాళ్ళకి గ్రౌండు దొరక్క చేతులెత్తేశారు, పండక్కి నాలుగు రోజులుందనగా మేం మీదేసుకున్నాం. రోలర్ లేదు, నీళ్ళు నింపిన డ్రమ్ము దొర్లించి పిచ్ చదును చేశాం, నా నడుం ఇంకా చెప్తోంది.

(స్క్రీన్ మీద కళింగ స్టేడియం)

మన ఒడిశా 2017లో చేసిందీ ఇదే. ఏషియన్ అథ్లెటిక్స్ రాంచీలో జరగాలి, వాళ్ళు వెనక్కి తగ్గారు, భువనేశ్వర్ 90 రోజుల్లో స్టేడియం రెడీ చేసి పెట్టింది. ఆ తర్వాత 2018లో హాకీ వరల్డ్ కప్, 2023లో మళ్ళీ అదే, ఈసారి రూర్కెలాని కూడా కలుపుకుని. అక్కడ 20 వేల మందికి పైగా పట్టే స్టేడియం 15 నెలల్లో లేపేశారు. రూర్కెలా ఎందుకంటారా, అది సుందర్‌గఢ్ జిల్లా, అక్కడ పిల్లలు వెదురు కర్రలతో హాకీ ఆడుతూ పెరుగుతారు, టికెట్లు అమ్ముడవుతాయో లేదో అన్న బెంగే లేదు.

ఇక బిడ్ అంటే వేలంపాట అనుకుంటారు చాలామంది. కాదు, ఆటలు మా ఊళ్ళో పెట్టిస్తాం, మాకివ్వండి అని ఇచ్చే పెద్ద ఫైలు: గ్రౌండ్లు, ఆటగాళ్ళకి గదులు, ఎయిర్‌పోర్టు, ఆస్పత్రులు, కరెంటు. అయినా 2003లో ఢిల్లీ, 2010 కామన్వెల్త్ గేమ్స్ కోసం కెనడాలోని హామిల్టన్ మీద 46-22 ఓట్లతో గెలిచిందే, అప్పుడు మనోళ్ళు ఒక్కో దేశానికి లక్ష డాలర్లు ఇస్తామన్నారు, మరి దాన్ని పాట కాదని ఎలా అనాలో మీరే చెప్పండి.

ఒలింపిక్స్‌కి మాత్రం ఊళ్ళు ఇలా ఎదురెదురుగా పోటీపడే పద్ధతి మారిపోయింది. ఇప్పుడు ఆసక్తి ఉన్నోళ్ళతో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ముందునుంచే మాట్లాడుతూ ఉంటుంది, ఒకళ్ళు నచ్చితే వాళ్ళతోనే గట్టిగా బేరం, బ్రిస్బేన్‌కి 2032 అలాగే వచ్చింది. మనం 2036 కావాలని 2024 అక్టోబర్‌లో లెటర్ ఇచ్చాం.

ఆ బిడ్ ఫైల్లో అసలు కాగితం గ్యారంటీ, అంటే ఖర్చు దాటితే ఎవరు కట్టాలి అని ప్రభుత్వం చేసే సంతకం. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం 2026 కామన్వెల్త్ ఒప్పుకుంది, తర్వాత లెక్కేస్తే 260 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల అంచనా కాస్తా 600 కోట్లు దాటేలా ఉంది, 2023 జులైలో వద్దు బాబోయ్ అనేసి ఉత్తినే 38 కోట్ల డాలర్ల పరిహారం కట్టింది. ఆ గేమ్స్‌ని స్కాట్లాండ్‌లోని గ్లాస్గో, ఉన్న గ్రౌండ్లే చాలంటూ, చిన్నగా చేస్తానని తీసుకుంది. కెనడాలోని మాంట్రియల్ అయితే 1976 ఒలింపిక్స్ అప్పు 2006 దాకా కట్టింది. 2030 కామన్వెల్త్ ఇప్పుడు అహ్మదాబాద్‌కి వచ్చింది కదా, నేనైతే ముందు ఆ సంతకం ఎవరిదో చూస్తాను.

మా టోర్నమెంట్‌లో అలాంటి సంతకం ఎవరూ పెట్టలేదు. ఫైనల్ రాత్రి జనరేటర్ ఆగింది, డీజిల్‌కి నువ్వియ్యి అంటే నువ్వియ్యి అని పది నిమిషాలు చీకట్లో కొట్టుకున్నాం, ఉగాది దాటింది, టెంట్ హౌస్ మావయ్య ఇప్పటికీ నన్ను సూస్తే బండి ఆపుతాడు.