పాత పికప్ ఇంజన్ మిస్సింగ్ కొడుతోందా? పంపు విప్పించే ముందు ఇది చూడండి

[దృశ్యం: పొద్దున్నే రోడ్డు పక్కన ఆగి ఉన్న పాత పికప్. బానెట్ ఎత్తి ఉంది. కొన్ని సెకన్లు మాటలు లేవు, ఇంజన్ శబ్దం ఒక్కటే.]

ఈ శబ్దం కాస్త చెవి పెట్టి వినండి. సమంగా పడాల్సిన దెబ్బల మధ్యలో ఒకటి తప్పిపోతోంది. గేర్ రాడ్ ఊగుతోంది, సైడు అద్దం వణుకుతోంది. ఎక్సలేటర్ తొక్కితే కాస్త సర్దుకున్నట్టు ఉంటుంది, వదలగానే మళ్లీ మొదలు. దీన్నే మనం మిస్సింగ్ అంటాం.

ఇలాంటి బండి షెడ్డుకు వెళ్తే చాలాచోట్ల మొదట వినిపించే మాట, "పంపు పోయిందన్నా, విప్పి పంపు షాపుకు పంపాలి". సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లకు, ప్రెషర్‌తో డీజిల్ తోసే పంపు అన్నమాట. అంటే వేలల్లో ఖర్చు, పైగా పంపు తిరిగి వచ్చేదాకా బండి కదలదు. పాల క్యాన్లో, కూరగాయలో, దాణా బస్తాలో వేసుకుని రోజూ తిరిగితేనే ఇల్లు గడిచేవాళ్లకి ఆ టెన్షన్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. పంపు తప్పేమీ లేకుండానే పంపు విప్పించుకున్న బండ్లు చాలా ఉన్నాయి. అందుకే ఈ వీడియో. మిస్సింగ్ ఏ సిలిండర్‌లో ఉందో తెలియకుండా ఒక్క పార్టు కూడా విప్పనివ్వొద్దు.

[తెర మీద అక్షరాలు: మెకానికల్ పంపు బండ్లకు మాత్రమే]

ముందు ఒక హెచ్చరిక. నేను చెప్పేది మెకానికల్ పంపు ఉన్న పాత డీజిల్ బండ్ల గురించి. పాత డీఐ బొలేరో పికప్, టాటా 207 డీఐ, అలాంటివి. ఇంజెక్టర్ల నెత్తిన కరెంటు వైర్లు, సాకెట్లు కనిపిస్తే మీది ఇంజెక్టర్లను కరెంటుతో నడిపే కామన్ రైల్ బండి. దానికి ఇప్పుడు నేను చూపించే నట్టు పరీక్ష అస్సలు చేయకండి. ఆ పైపుల్లో ప్రెషర్ వెయ్యి బార్ దాటుతుంది. అక్కడ చిమ్మిన డీజిల్ చర్మాన్ని చీల్చుకుని ఒంట్లోకి వెళ్లిపోతుంది. పైకి చిన్న చుక్కంత గాయమే కనిపిస్తుంది కానీ చెయ్యి పోగొట్టుకునే ప్రమాదం ఉంది. అలాంటి బండిని స్కానర్ ఉన్న షెడ్డుకే తీసుకెళ్లండి.

[దృశ్యం: నాలుగు సిలిండర్ల బొమ్మ. ఒక్కోటి వెలిగి ఆరుతుంది.]

నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగేసరికి నాలుగూ ఒక్కోసారి మండుతాయి. స్లోలో, అంటే ఎక్సలేటర్ తొక్కనప్పుడు, 750 ఆర్‌పీఎం (నిమిషానికి 750 చుట్లు) ఉంటే సెకనుకు 25 దెబ్బలు. ఒక సిలిండర్ పని చేయకపోతే సెకనుకు ఆరు దెబ్బలు తప్పుతాయి. మీ నడుముకు తెలిసే వణుకు అదే. స్పీడు పెరిగితే దెబ్బలు దగ్గరపడి, ఇంజన్ వెనక తిరిగే ఫ్లైవీల్ చక్రం బరువు ఆ ఖాళీని కప్పేస్తుంది కాబట్టి తగ్గినట్టు అనిపిస్తుంది. తగ్గింది వణుకే, జబ్బు కాదు. లోడు వేసి ఘాట్ ఎక్కితే తెలిసిపోతుంది.

ఇంజన్ శబ్దం సమంగానే ఉండి క్యాబిన్ మాత్రమే ఊగుతుంటే మౌంటింగ్ రబ్బర్లు చూసుకోండి. ఆ పని చిన్నదే. శబ్దంలోనే తేడా ఉంటే మాత్రం పరీక్ష మొదలుపెడదాం.

[దృశ్యం: దగ్గరి నుంచి ఇంజెక్టర్లు. ఫ్యాన్ వైపు నుంచి సుద్దముక్కతో 1, 2, 3, 4 అంకెలు రాస్తున్న చెయ్యి.]

బండి న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు రాళ్లు పెట్టి, స్లోలో నడవనివ్వండి. కళ్లద్దాలు, గ్లౌజులు తప్పనిసరి. ఇంజెక్టర్ నెత్తి మీదకు వచ్చే సన్నటి ఇనప పైపుకు ఒక నట్టు ఉంటుంది, సాధారణంగా 17 నంబర్ స్పానర్ పడుతుంది. దాని మీద మందపాటి గుడ్డ కప్పి, ఆ నట్టును కొద్దిగా, డీజిల్ చెమర్చేంత వరకే లూజు చేయండి. డీజిల్ ఎక్కడి నుంచి వస్తోందో వేలుతో మాత్రం వెతకొద్దు. ఇక్కడ కూడా ప్రెషర్ తక్కువేం కాదు, ఈ ఇంజెక్టర్లు తెరుచుకునేదే సుమారు 200 బార్ దగ్గర.

నట్టు లూజవగానే ఆ సిలిండర్‌కు డీజిల్ ఆగిపోతుంది. ఇప్పుడు శబ్దం వినండి.

[శబ్దం: ఇంజన్ ఒక్కసారిగా కుంగుతుంది.]

కుంగింది కదా? అంటే ఒకటో నంబరు బాగా పని చేస్తోంది. నట్టు బిగించి రెండోదానికి వెళ్దాం. అదీ కుంగింది. మూడు...

[శబ్దం: ఏ మార్పూ లేదు.]

ఏ తేడా లేదు. ఇదే మన సిలిండర్. ముందే పని చేయనిదాన్ని ఆపితే ఇంజన్‌కు కొత్తగా పోయేదేమీ లేదు. అయినా నాలుగోది కూడా చూడండి, ఒకటి దొరికిందని ఆపేయొద్దు. రెండు పక్కపక్క సిలిండర్లు కలిసి పోతే ఆ కథ వేరు, దాని దగ్గరికి చివర్లో వస్తాను.

నట్టు ముట్టుకోవడానికి భయమేస్తే ఇంకో దారి ఉంది. రాత్రంతా చల్లారిన ఇంజన్‌ను స్టార్ట్ చేసి, టెంపరేచర్ గన్‌తో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ను ఒక్కో సిలిండర్ దగ్గర కొలవండి. మండని సిలిండర్ దగ్గర వేడి మిగతా వాటికంటే బాగా తక్కువ చూపిస్తుంది.

[దృశ్యం: సైలెన్సర్ నుంచి పొగ.]

ఇప్పుడు పొగ చూద్దాం. ఆ సిలిండర్‌లోకి డీజిల్ పడుతూ మండకపోతే తెల్లటి పొగ వస్తుంది, కళ్లు మండుతాయి. మిస్సింగ్ ఉండి కూడా అలాంటి పొగ లేదంటే అసలు డీజిలే అక్కడికి చేరడం లేదని అనుమానించాలి. నీలం పొగ అయితే ఇంజన్ ఆయిల్ మండుతోంది. నల్లపొగ అయితే గాలి తక్కువైంది లేదా డీజిల్ ఎక్కువైంది. ఎయిర్ ఫిల్టర్, టర్బో హోసు ముందు చూసుకోండి.

తర్వాత మూడో ఇంజెక్టర్‌ను రెండో దాంతో మార్చి బిగించమని మీ మెకానిక్‌ను అడగండి. కొత్త రాగి వాషర్లు వేయాల్సిందే. పాత వాషర్ ఒకసారి అణిగిపోయాక మళ్లీ సరిగా కూర్చోదు, అక్కడి నుంచి కంప్రెషన్, అంటే సిలిండర్‌లో నలిగిన గాలి ప్రెషర్, లీకై ఇంజెక్టర్ చుట్టూ తారులాంటి నల్లటి మడ్డి పేరుకుంటుంది. మార్చాక మిస్సింగ్ రెండో నంబరుకు వెళ్లిందా? అయితే పంపుకు ఏమీ కాలేదు, ఇంజెక్టర్ కొసన డీజిల్ చిమ్మే నాజిల్ పోయింది. నాజిల్ టెస్టర్ మీద పెట్టి కొట్టిస్తే మంచులా చిమ్ముతోందో, చుక్కలు కారుస్తోందో మీ కళ్లతో మీరే చూడొచ్చు. కారే నాజిల్‌తో బండి నడపొద్దు, అది పిస్టన్‌ను కాల్చేస్తుంది.

మిస్సింగ్ మూడులోనే ఉండిపోయిందా? ఇక్కడ మీ బండికి ఏ పంపు ఉందో తెలియాలి. పైపులు నాలుగూ వరసగా పైకి లేస్తే లైన్ పంపు, గుండ్రంగా ఒకే తల నుంచి వస్తే రోటరీ పంపు. రెండింటి మీదా మైకో అని ఉండొచ్చు. 1951లో బెంగళూరులో మొదలైన ఆ కంపెనీ పేరు 2008లో బాష్‌గా మారినా, పంపు షాపుల్లో ఇప్పటికీ మైకో అనే అంటారు. లైన్ పంపులో సిలిండర్‌కో ఎలిమెంట్ (డీజిల్ తోసే భాగం) ఉంటుంది కాబట్టి ఒకటి అరిగి మిగతా మూడూ బాగుండటం సాధ్యమే. రోటరీలో నాలుగింటికీ డీజిల్ తోసే ప్లంజర్ ఒక్కటే. మూడు సిలిండర్లు దిట్టంగా పని చేస్తుంటే ఆ ప్లంజర్ అరిగిపోయిందనే మాటకు అర్థం లేదు. ఆ ఒక్క దారిలోని డెలివరీ వాల్వు ఒక్కటే అనుమానించాలి. "నా బండిది లైన్ పంపా, రోటరీనా?" అని ఈ ఒక్క ప్రశ్న అడగండి చాలు, "పంపు పోయింది" అనే ముందు మెకానిక్ మళ్లీ ఆలోచిస్తాడు.

[దృశ్యం: ఫిల్టర్‌కూ పంపుకూ మధ్య పారదర్శకమైన పైపు ముక్క. అందులో బుడగలు.]

సరే, నాలుగు నట్లు ఒక్కొక్కటిగా లూజు చేసినా ఒకేలా కుంగుతోంది కానీ ఇంజన్ మాత్రం ఎగిసి పడుతోంది. పొద్దున స్టార్ట్ కావడానికి చాలాసేపు సెల్ఫ్ కొట్టాల్సి వస్తోంది. అయితే గాలి పట్టింది. సిరంజిలో గాలి బుడగ ఉంటే ముందు బుడగే నలుగుతుంది కదా, ఇక్కడా అంతే. పంపు తోసే తోపు బుడగను నలపడానికే పోతుంది, ఇంజెక్టర్ తెరుచుకునేంత ప్రెషర్ రాదు.

దీన్ని పట్టుకోవడం ఎందుకు కష్టమంటే, ట్యాంకు నుంచి ఫీడ్ పంపు (ట్యాంకులోంచి డీజిల్ లాగే చిన్న పంపు) దాకా ఉన్న పైపులో పగులుంటే డీజిల్ బయటికి కారదు. గాలే లోపలికి పోతుంది. కింద ఒక్క చుక్క కూడా కనిపించదు. అందుకే ఈ ఉపాయం: డీజిల్‌కు తట్టుకునే పారదర్శకమైన పైపు ముక్కను పంపు ముందు కలిపి, ఇంజన్ నడుస్తుండగా చూడండి. బుడగలు ఆగకుండా వస్తుంటే పైపును వెనక్కి, ట్యాంకు వైపు ఒక్కో జాయింట్‌కూ జరుపుతూ పోండి. బుడగలు కనబడని చోటుకూ కనబడే చోటుకూ మధ్యలోనే పగులు ఉంది. ఎండిపోయిన రబ్బరు పైపు, వదులైన క్లిప్పు, అణిగిన వాషర్ ఇక్కడ దొరుకుతాయి. వీటి ఖర్చు చాలా తక్కువ. బాగు చేశాక ఫిల్టర్ మీది గాలి స్క్రూ లూజు చేసి, బుడగలు ఆగి డీజిల్ ధారగా వచ్చేదాకా హ్యాండ్ ప్రైమర్ (చేత్తో నొక్కే చిన్న పంపు) కొట్టి బిగించండి.

అదే సమయంలో ఫిల్టర్ కింది డ్రెయిన్ నుంచి కాస్త డీజిల్‌ను గాజు సీసాలోకి పట్టి ఓ పావుగంట కదలకుండా ఉంచండి. నీళ్లుంటే అడుగున విడిగా పేరుకుంటాయి. వానాకాలంలో డ్రమ్ముల్లో నిలవ ఉంచిన డీజిల్ పోసేవాళ్లు ఇది తప్పక చూడాలి. ఇంకొకటి, కాసేపు బాగా నడిచి ఆగిపోతుంటే ట్యాంకు మూత తెరిచి చూడండి. గాలి పీల్చుకున్న చప్పుడు వస్తే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది.

[దృశ్యం: కంప్రెషన్ గేజ్.]

నాజిల్ బాగుంది, డీజిల్ వస్తోంది, గాలి లేదు, అయినా మూడో సిలిండర్ మండట్లేదు. అప్పుడు కంప్రెషన్ చూపించాలి. ఇలాంటి డీజిల్ ఇంజన్లలో 350 నుంచి 450 పీఎస్‌ఐ మధ్య ఉంటే సాధారణంగా ఆరోగ్యమే. అంకె కంటే ముఖ్యం నాలుగింటి మధ్య తేడా. ఒక్కటే బాగా తక్కువ వస్తే హెడ్ (సిలిండర్ల పై మూత) దించే మాట ఎత్తకముందే ట్యాపెట్ గ్యాప్, అంటే వాల్వు దగ్గర వదిలే సన్నటి సందు, కొలిపించండి. గ్యాప్ లేకుండా బిగుసుకున్న వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ అక్కడే పోతుంది. ఫీలర్ గేజ్ పట్టుకున్న మెకానిక్‌కు అది ఒక పూట పని.

పక్కపక్కనున్న రెండూ కలిసి పడిపోయాయా, రేడియేటర్‌లో బుడగలు వస్తున్నాయా, నీళ్లు తగ్గిపోతున్నాయా? అది హెడ్ కింద ఉండే సీలు, హెడ్ గ్యాస్కెట్ పోయినట్టు. అప్పుడు హెడ్ దించడానికి ఒప్పుకోండి. దించాక గ్యాస్కెట్ ఒక్కటి మార్చి మూసేయనివ్వకండి, హెడ్ వంకర పోయిందేమో స్కేలు పెట్టి చూపించమనండి.