మొగిలి ఘాట్ దిగే ముందు ట్రైలర్ కింద ఏం చూడాలి?

(దృశ్యం: పలమనేరు దాటాక హైవే పక్కన టీ కొట్టు. వెనక నలభై అడుగుల ట్రైలర్.)

అన్నలకు నమస్కారం. ఇక్కడినుంచి చిత్తూరు వైపు పోతే మొగిలి ఘాట్, అంతా దిగుడే. బెంగళూరు నుంచి చెన్నై పోర్టుకు కంటైనర్ ఎక్కించుకుని పోయేవాళ్లకు నేను చెప్పాలా! టీ చల్లారేలోగా బండి కింద ఏం చూడాలో చూపిస్తాను.

(దృశ్యం: ఫిఫ్త్ వీల్ దగ్గరగా. టార్చి వెలుగు.)

లాగే బండి వెనక గ్రీజు పూసిన ఈ పళ్లెం ఫిఫ్త్ వీల్, ట్రైలర్ తగిలేది దీనికే. ట్రైలర్ కిందున్న ఇనుప కడ్డీ, కింగ్‌పిన్, దీని దవడల్లో ఇరుక్కోవాలి. చాలా బండ్లకు ఆ పిన్ లావు 2 అంగుళాలే, లోడంతా లాగేది అదే. టార్చి వేస్తే దవడలు పిన్ మెడను చుట్టుకుని కనబడాలి. పళ్లేనికీ పైన ట్రైలర్ ప్లేటుకూ మధ్య సందు ఉండకూడదు.

ఒక రాత్రి ట్రైలర్ తగిలించేటప్పుడు తొందరలో నేను ‘టక్’మన్న శబ్దం నమ్ముకుని దిగి చూడలేదు. పిన్ దవడల్లోకి పోకుండా వాటి పైన కూర్చుంది. ముందుకు లాగగానే ట్రైలర్ జారింది. విప్పినప్పుడు ట్రైలర్ నిలబడే ల్యాండింగ్ కాళ్లు ఇంకా ఎత్తలేదు కాబట్టి వాటి మీద ఆగింది, ఎయిర్ పైపులు మాత్రం తెగాయి. అప్పటినుంచి తగిలించాక ట్రైలర్ బ్రేకు పట్టించి, ఫస్ట్ గేర్‌లో మెల్లగా ఒక గుంజు గుంజుతాను. ఊడి రాకపోతే, టార్చి వేసి చూసి, ఆ తర్వాతే కాళ్లు ఎత్తేది.

(దృశ్యం: ఎయిర్ పైపులు, ట్యాంకు.)

ట్రైలర్‌కు గాలి అందించే సప్లయ్ పైపు తెగితే ట్రైలర్ బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి. నాకు భయం సన్నగా కారే గాలి గురించి. ఇంజిన్ ఆపి, క్లీనర్‌ను బ్రేకు తొక్కి పట్టుకోమని, పైపుల వెంట చెవి పెట్టండి. ట్యాంకు కింది డ్రెయిన్ తెరిచి నీళ్లు పోనివ్వండి.

టైర్లను రాడ్డుతో కొడితే గాలి పూర్తిగా పోయినది తెలుస్తుంది, కొద్దిగా తగ్గినది తెలియదు. దానికి గేజీ కావాలి, ముఖ్యంగా జంట టైర్లలో లోపలిదానికి. చక్రం నట్టు నుంచి తుప్పు గీత దిగి ఉంటే అది వదులైందేమో చూడండి. కంటైనర్‌ను ట్రైలర్‌కు బిగించే ట్విస్ట్ లాకులు నాలుగు మూలలా పడ్డాయా చూడండి, అంతే.

(దృశ్యం: ఘాట్ మలుపు.)

దిగకముందే, ఘాట్ పైనే గేర్ తగ్గించండి, ఇంజిన్ పొగను అడ్డుకుని బండిని నెమ్మదింపజేసే ఎగ్జాస్ట్ బ్రేక్ వేయండి. న్యూట్రల్‌లో దిగితే డీజిల్ మిగులుతుందనేది పాత మాట. ఇప్పటి ఇంజిన్లు గేర్‌లో ఉండి ఆక్సిలరేటర్ వదిలితే డీజిల్ తీసుకోవు. న్యూట్రల్‌లో ఇంజిన్ పట్టు పోయి, భారమంతా బ్రేకు లైనర్ల మీద పడుతుంది. కాలిన వాసన వస్తే చోటు చూసుకుని ఆపండి. వేడెక్కిన బ్రేకు డ్రమ్ము మీద నీళ్లు పోయకండి, పగులుతుంది.

చక్రాలకు అడ్డం పెట్టిన రాళ్లు బయల్దేరేటప్పుడు తీసేయండి. చీకట్లో వెనక బైకు మీద వచ్చేవాడికి అవి కనబడవు.